నాన్నను చూడాలనుకున్న రాకెట్ సైంటిస్ట్

శ్రీహరికోటలో ప్రయోగం ఉన్న రోజు మన ఏర్పేడులో ఎవరూ గదుల్లో ఉండరు. సరిగ్గా తూర్పు వైపు, గాలిదూరం లెక్కేస్తే ఓ 70 కిలోమీటర్లు. ఆకాశం తేటగా ఉంటే మేడ మీద నిలబడి నిప్పుగీత పైకి లేవడం చూడొచ్చు. చూసి కిందికి దిగేటప్పుడు మాట ఎప్పుడూ ఒక దగ్గరికే చేరుతుంది. ఇస్రోలో చేరాలా, జీఆర్ఈ రాయాలా? అక్క డల్లాస్‌లో ఉంది, బావకు గ్రీన్ కార్డు వచ్చింది, రేపు ఇక్కడ రక్షణ రంగంలో ఉద్యోగానికి పెట్టుకుంటే అది అడ్డమవుతుందా? ఈ అనుమానం మన బ్యాచ్‌లో కనీసం పది మందికైనా ఉంది.

ఆ ప్రశ్నకు నేరుగా జవాబు చెప్పేంత వాణ్ని కాను. కానీ ఆ ప్రశ్న తన జీవితాన్నే రెండు ముక్కలు చేసిన ఒక ఇంజనీర్ కథ చెప్పగలను. ఆయన పేరు చియెన్ షూసెన్. అమెరికా కాగితాల్లో హెచ్. ఎస్. సియెన్. కంప్రెసిబుల్ ఫ్లో చదివినవాళ్లకి ఆ పేరు కొత్త కాదు. కార్మన్–సియెన్ కరెక్షన్ అని పరీక్షకు బట్టీ కొట్టామే, అందులో సియెన్ ఈయనే.

షాంఘై నుంచి పాసడీనాకు

చియెన్ 1911 డిసెంబర్ 11న షాంఘైలో పుట్టాడు. వాళ్ల పూర్వీకులది హాంగ్‌జౌ. ఒక్కడే కొడుకు. తండ్రి చియెన్ జున్‌ఫు విద్యాశాఖలో పనిచేసిన చదువరి. పిల్లవాడి బాల్యం బీజింగ్‌లో గడిచింది. షాంఘై జియావోతొంగ్ యూనివర్సిటీలో మెకానికల్ ఇంజనీరింగ్ చేసి 1934లో బయటికొచ్చాడు. చదివింది ప్రధానంగా రైలింజన్ల గురించి. ఆ రోజుల్లో చైనా మీద జపాన్ విమానాలు బాంబులు వేస్తున్నాయి. రైలు వదిలి విమానం వైపు మళ్లడానికి ఆ కుర్రాడికి వేరే కారణం అక్కర్లేకపోయింది.

బాక్సర్ నష్టపరిహారం డబ్బుతో నడిచే స్కాలర్‌షిప్ మీద 1935లో అమెరికా వెళ్లాడు. ఎంఐటీలో ఒక్క ఏడాదిలో మాస్టర్స్ ముగించి, 1936లో కాలిఫోర్నియాలోని కాల్‌టెక్‌కు మారాడు. అక్కడ గురువు దొరికాడు. హంగరీ నుంచి వచ్చిన యూదు శాస్త్రవేత్త థియొడోర్ వాన్ కార్మన్. గణితంలో చియెన్ పదును చూసి గురువుకు ముచ్చటేసింది. 1939లో డాక్టరేట్ వచ్చింది. ధ్వనివేగానికి దగ్గరపడే కొద్దీ రెక్క మీద పీడనం ఎలా మారుతుందో అంతకుముందున్న ప్రాంట్ల్–గ్లావర్ట్ లెక్క సరిగా చెప్పలేకపోయేది. దాన్ని మెరుగు పరిచిందే ఈ గురుశిష్యుల సూత్రం.

కానీ ఆయన్ని చరిత్రలో నిలబెట్టింది ఆ సూత్రం కాదు. క్యాంపస్‌లో ఫ్రాంక్ మలినా అనే విద్యార్థి, జాక్ పార్సన్స్, ఎడ్ ఫోర్మన్ అనే మరో ఇద్దరు కుర్రాళ్లు కలిసి రాకెట్లు చేస్తున్నారు. అప్పట్లో రాకెట్ అంటే పెద్ద ప్రొఫెసర్లకు నవ్వులాట. లెక్కలు చూసే మనిషి కావాలని చియెన్‌ని కలుపుకున్నారు. ల్యాబ్‌లో పేలుళ్లు జరిగాయి, తుప్పు మరకలు పడ్డాయి, మిగతా విద్యార్థులు వీళ్లకు ఆత్మహత్యా దళం అని పేరు పెట్టారు. చివరికి క్యాంపస్ నుంచి తరిమేస్తే ఊరి చివర ఎండిపోయిన వాగు గట్టుకు చేరారు. ఆ వాగు గట్టు మీద మొదలైందే ఇవాళ అంగారకుడి మీదకు రోవర్లు పంపుతున్న జెట్ ప్రొపల్షన్ లేబొరేటరీ.

అదే కాలంలో ఇంకో సంగతి జరిగింది. తర్వాత ప్రాణం మీదకు తెచ్చింది ఇదే. మలినా స్నేహితులు కొందరు, సిడ్నీ వైన్‌బామ్ అనే రసాయన శాస్త్రవేత్తతో సహా, సాయంత్రాలు ఒకరి ఇంట్లో చేరి సంగీతం వినేవాళ్లు, స్పెయిన్ యుద్ధం గురించీ హిట్లర్ గురించీ వాదించుకునేవాళ్లు. ఊరికి కొత్తైన చియెన్ కూడా వెళ్లేవాడు. ఆ గుంపు కమ్యూనిస్టు పార్టీ శాఖ అని పన్నెండేళ్ల తర్వాత పోలీసులు తేల్చారు.

కల్నల్ యూనిఫాం

రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. చైనా అమెరికాకు మిత్రదేశం. చియెన్ చైనా పౌరుడే అయినా సైన్యం రహస్య పరిశోధనల్లో పనిచేయడానికి సెక్యూరిటీ క్లియరెన్స్ ఇచ్చారు. ఆయన తండ్రి, బంధువులు అంతా చైనాలోనే ఉన్నారన్నది అప్పుడు ఎవరికీ ఇబ్బందిగా తోచలేదు.

1945లో జర్మనీ ఓడిపోతుండగా, అక్కడి శాస్త్రవేత్తలు ఎంతవరకు వెళ్లారో చూసి రమ్మని అమెరికా వైమానిక దళం కార్మన్ నాయకత్వంలో ఒక బృందాన్ని పంపింది. చియెన్‌కు కల్నల్‌తో సమానమైన హోదా ఇచ్చి యూనిఫాం తొడిగారు. వీ-2 రాకెట్ చేసిన వెర్నర్ వాన్ బ్రాన్‌ను ప్రశ్నించినవాళ్లలో ఈయన ఒకడు. గోటింగెన్‌లో లుడ్విగ్ ప్రాంట్ల్‌ను కూడా కలిశారు. బౌండరీ లేయర్ ప్రాంట్ల్. ఆ ప్రాంట్ల్ శిష్యుడు కార్మన్. కార్మన్ శిష్యుడు చియెన్. ఓడిపోయిన దేశంలో ఒక ముసలి గురువు, ఆయన ఎదురుగా యూదుడైన శిష్యుడు, పక్కన చైనా వాడైన మనవడి వరస శిష్యుడు, ఇద్దరూ అమెరికా సైనిక దుస్తుల్లో. మూడు తరాల ఏరోడైనమిక్స్ ఒక్క గదిలో కూర్చుందన్నమాట.

ఈ వాన్ బ్రాన్ సంగతి గుర్తుపెట్టుకోండి. నాజీ పార్టీ సభ్యుడైన ఆయన్ని అమెరికా తీసుకెళ్లి, పౌరసత్వమిచ్చి, చంద్రుడి మీదకు వెళ్లే రాకెట్ చేయించుకుంది. ఆయన్ని ప్రశ్నించిన చియెన్‌కు మాత్రం వేరే రాత రాసి ఉంది.

పెళ్లి, పౌరసత్వం, ఒక కొత్త జెండా

1947లో ఎంఐటీలో ఫుల్ ప్రొఫెసర్ అయ్యాడు. అప్పటికి 35 ఏళ్లు. ఆ వేసవిలో చైనా వెళ్లి సెప్టెంబర్ 17న షాంఘైలో జియాంగ్ యింగ్‌ను పెళ్లి చేసుకున్నాడు. ఆమె యూరప్‌లో నేర్చుకున్న ఒపెరా గాయని. ఆమె తండ్రి జియాంగ్ బైలీ చైనాలో పేరున్న సైనిక వ్యూహకర్త, కమ్యూనిస్టుల ప్రత్యర్థులైన నేషనలిస్టుల పక్షం మనిషి, 1938లోనే చనిపోయాడు. తల్లి జపాన్ దేశస్థురాలు. అంటే ఒక్క ఇంట్లో చైనా, జపాన్, జర్మనీ చదువు, అమెరికా ఉద్యోగం. ఇవాళ్టి సెక్యూరిటీ ఫారం నింపాలంటే ఆ ఇంటికి అదనపు కాగితాలు జత చేయాల్సి వచ్చేది.

1948లో కొడుకు పుట్టాడు. 1949లో కాల్‌టెక్ ఆయన్ని గొడార్డ్ ప్రొఫెసర్‌గా, కొత్త జెట్ ప్రొపల్షన్ సెంటర్ అధిపతిగా వెనక్కి పిలిచింది. అదే ఏడాది అమెరికా పౌరసత్వానికి దరఖాస్తు పెట్టాడు. అక్కడే ఉండిపోదామనుకున్న మనిషి చేసే పని అది. న్యూయార్క్ నుంచి లాస్ ఏంజెలెస్‌కు గంటలోపే చేర్చే రెక్కల రాకెట్ గురించి ఉపన్యాసం ఇస్తే పత్రికలు బొమ్మలు వేసి మరీ రాశాయి.

1949 అక్టోబర్ 1న బీజింగ్‌లో కొత్త జెండా ఎగిరింది. చైనా కమ్యూనిస్టుల చేతికి వచ్చింది. చియెన్ మారలేదు. షాంఘైలో ఉన్న తండ్రీ మారలేదు. వాళ్ల మధ్య ఉన్న దేశం మారింది. నిన్నటి దాకా మిత్రదేశంలో ఉన్న తండ్రి, రాత్రికి రాత్రి శత్రుదేశంలో ఉన్న తండ్రి అయిపోయాడు.

1950 జూన్ 6

ఆ రోజు ఎఫ్‌బీఐ అధికారులు కాల్‌టెక్‌లో ఆయన ఆఫీసుకు వచ్చారు. 1938లో పాసడీనా కమ్యూనిస్టు శాఖలో నువ్వు సభ్యుడివేనా అని అడిగారు. కాదన్నాడు. స్నేహితుల మీద సాక్ష్యం చెప్పడానికీ ఒప్పుకోలేదు. ఆ రోజుల్లోనే సెక్యూరిటీ క్లియరెన్స్ రద్దయింది. జెట్ ప్రొపల్షన్ సెంటర్ అధిపతికి తన రంగంలో జరిగే రహస్య పరిశోధన చూసే హక్కు లేకుండా పోయింది.

ఇక్కడ ఒక విషయం జాగ్రత్తగా చెప్పుకోవాలి. క్లియరెన్స్ తీసేయడానికి కాగితం మీద రాసిన కారణం చుట్టరికం కాదు, కమ్యూనిస్టు సంబంధాలు. చుట్టరికం ఆ తర్వాత వచ్చి మెడకు చుట్టుకుంది. అభిమానం దెబ్బతిన్న చియెన్ ఉద్యోగం వదిలేసి చైనా వెళ్తానన్నాడు. తల్లి ఎప్పుడో పోయింది. తండ్రి పెద్దవాడయ్యాడు. కూతురు అప్పుడే పుట్టింది. మనవణ్నీ మనవరాలినీ తాతకు చూపించాలి. మన ఇళ్లల్లో అయితే దీన్ని కారణం అని కూడా అనరు, అంత మామూలు విషయం. కానీ జూన్ 25న కొరియా యుద్ధం మొదలైంది. కొన్ని నెలల్లో చైనా సైన్యం అమెరికా సైన్యంతో తలపడింది. రాకెట్ల గురించి అంత తెలిసిన మనిషి తండ్రిని చూడటానికి వెళ్తానంటే, అధికారులకు అది వేరేగా వినిపించింది.

నౌకాదళంలో పెద్ద పదవిలో ఉన్న డాన్ కింబల్‌కు చియెన్ బాగా తెలుసు. చియెన్ ఆగస్టులో వెళ్లి ఆయనకు తన బాధ చెప్పుకున్నాడు. కింబల్ లెక్కలో ఈ ఒక్క మనిషి అనేక డివిజన్ల సైన్యంతో సమానం. ఆయన్ని దేశం దాటనివ్వకూడదని కింబల్ వెంటనే ఇమిగ్రేషన్ వాళ్లకు కబురు పెట్టాడు. చియెన్ ఓడకు వేసిన సామాన్లను, సుమారు 800 కిలోల పుస్తకాలు, కాగితాలను కస్టమ్స్ పట్టుకుంది. పత్రికలు గూఢచారి అన్నాయి. రహస్య సంకేతాలు అనుకున్నవాటిలో కొన్ని లాగరిథమ్ పట్టికలని తర్వాత తేలిందంటారు. నవ్వొస్తుంది గానీ, ఆ ఇంట్లో ఎవరూ నవ్వే స్థితిలో లేరు.

సెప్టెంబర్‌లో అరెస్టు చేసి టెర్మినల్ ఐలాండ్‌లో పెట్టారు. రాత్రుళ్లు పదేపదే లైటు వేసి నిద్ర లేకుండా చేశారు. రెండు వారాల తర్వాత 15,000 డాలర్ల పూచీకత్తు మీద వదిలేసరికి మనిషి చిక్కి సగమయ్యాడు. కాల్‌టెక్ అధ్యక్షుడు లీ డుబ్రిడ్జ్, సహచరులు ఆయన పక్షాన నిలబడ్డారు. సంస్థ వదిలేయలేదన్నది కూడా ఈ కథలో భాగమే.

విచారణలో అడిగారు. అమెరికాకు, చైనాకు యుద్ధం వస్తే నువ్వెవరి పక్షం? చాలాసేపు ఆలోచించి, తన విధేయత చైనా ప్రజలకు అన్నాడు. అబద్ధం చెప్పి ఉంటే సులువయ్యేదేమో. ఆ ప్రశ్న ఎలాంటిదో చూడండి. పెళ్లైన అమ్మాయిని పుట్టిల్లా, అత్తిల్లా అని నడి బజారులో నిలబెట్టి అడిగినట్టు.

పొమ్మంటారు, పోనివ్వరు

1951లో తీర్పు వచ్చింది. దేశం నుంచి పంపేయాలి. కానీ ఆయన తలలో ఉన్న జ్ఞానం శత్రువుకు పనికొస్తుంది కాబట్టి పంపకూడదు. రెండు ఉత్తర్వులు ఒకేసారి అమల్లో ఉన్నాయి. లాస్ ఏంజెలెస్ కౌంటీ దాటకూడదు, అధికారుల దగ్గర హాజరు వేయించుకోవాలి, ఫోన్ మీద, ఉత్తరాల మీద నిఘా. ఇలా ఐదేళ్లు. ఆయనకు తెలిసిన రాకెట్ విద్య ఈలోగా పాతబడిపోతుందని అధికారుల ఆశ.

చియెన్ ఖాళీగా కూర్చోలేదు. రహస్యం అక్కర్లేని విషయం ఎంచుకున్నాడు. నియంత్రణ సిద్ధాంతాన్ని ఇంజనీర్లకు పనికొచ్చేలా మలిచి 1954లో ఇంజనీరింగ్ సైబర్నెటిక్స్ అనే పుస్తకం వెలువరించాడు. ఇంట్లో జియాంగ్ యింగ్ మూడు చిన్న సూట్‌కేసులు సర్ది ఎప్పుడూ సిద్ధంగా ఉంచేది. ఏ రోజు పిలుపొస్తుందో ఎవరికి తెలుసు?

పిలుపు తెచ్చింది చుట్టరికమే. 1955 జూన్‌లో చియెన్ ఒక చిన్న కాగితం మీద తనను ఆపి ఉంచిన సంగతి రాశాడు. బెల్జియంలో ఉన్న జియాంగ్ యింగ్ చెల్లెలికి పంపే ఇంటి ఉత్తరంలో దాన్ని పెట్టారు. నిఘా ఉన్నవాళ్ల కన్నుగప్పి పోస్టు చేశారు. మరదలు దాన్ని చైనాలో చియెన్ తండ్రికి పంపింది. తండ్రి తన పాత పరిచయస్తుడు, పార్లమెంటులో పెద్ద పదవిలో ఉన్న చెన్ షూతొంగ్‌కు చేర్చాడు. అక్కడి నుంచి ప్రధాని చౌ ఎన్‌లైకి. ఆ ఆగస్టులో జెనీవాలో చైనా, అమెరికా రాయబారుల చర్చలు మొదలవుతున్నాయి. మా పౌరులెవరినీ మీరు బలవంతంగా ఆపలేదంటున్నారు కదా, మరి ఈ ఉత్తరం ఏమిటి అనడానికి చైనాకు ఆధారం దొరికింది. చైనా తన చెరలో ఉన్న 11 మంది అమెరికా వైమానికుల్ని వదిలింది. చియెన్‌కు వెళ్లడానికి అనుమతి వచ్చింది.

1955 సెప్టెంబర్ 17న, సరిగ్గా పెళ్లిరోజున, భార్యా ఇద్దరు పిల్లలతో ప్రెసిడెంట్ క్లీవ్‌లాండ్ ఓడ ఎక్కాడు. అక్టోబర్ 8న చైనా గడ్డ మీద కాలు పెట్టాడు. తండ్రిని చూశాడు.

ఆ తర్వాత

సరిగ్గా ఏడాదికి, 1956 అక్టోబర్ 8న, చైనా క్షిపణి పరిశోధనకు ఐదో అకాడమీ మొదలైంది. అధిపతి చియెన్. సోవియట్ నిపుణులు కొంత కాలం సాయం చేసి 1960లో వెళ్లిపోయారు. అదే నవంబర్ 5న చైనా తన తొలి క్షిపణిని ఎగరేసింది. 1966లో అణ్వస్త్రం మోసే క్షిపణిని పరీక్షించింది. 1970 ఏప్రిల్ 24న 173 కిలోల తొలి ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్లింది. మన ఎస్ఎల్‌వీ-3 శ్రీహరికోట నుంచి రోహిణిని కక్ష్యలో పెట్టింది 1980 జులై 18న. ఆ తేడాలో ఈ మనిషి పాత్ర ఎంతో ఊహించుకోవచ్చు. అమెరికా చేసిన పనుల్లో దీనంత తెలివితక్కువది లేదని కింబలే తర్వాత ఒప్పుకున్నాడు.

చియెన్‌ని దేవుణ్ని చేయడం నాకిష్టం లేదు. 1958లో మావో పంటల దిగుబడి గురించి గొప్పలు పోతున్నప్పుడు, సూర్యకాంతి లెక్కన ఎకరాకు ఎన్నో రెట్లు పండించవచ్చని పత్రికలో రాశాడు. తర్వాత వచ్చిన కరువులో కోట్ల మంది చనిపోయారు. కరువుకు ఆ వ్యాసం కారణమని కాదు, కానీ శాస్త్రవేత్త మాటకు ఉండే బరువు తెలిసిన మనిషి అలా రాసి ఉండాల్సింది కాదు. ఒక ప్రభుత్వం అనుమానంతో నలిపితే, ఇంకో ప్రభుత్వం నీడలో ఆయన ఎక్కువ నమ్మకంతో బతికాడు.

కాల్‌టెక్ 1979లో విశిష్ట పూర్వవిద్యార్థి పురస్కారం ప్రకటించినా తీసుకోవడానికి వెళ్లలేదు. మళ్లీ అమెరికాలో అడుగు పెట్టనే లేదు. కొడుకు మాత్రం 1980ల్లో వెళ్లి అదే కాల్‌టెక్‌లో చదువుకున్నాడు. చియెన్ 2009 అక్టోబర్ 31న బీజింగ్‌లో 97 ఏళ్ల వయసులో పోయాడు. ఆయన గూఢచారి అనడానికి గట్టి ఆధారం ఏదీ ఎన్నడూ బయటికి రాలేదు.

మన ఫారంలో ఆ గడి

అయితే విదేశాల్లో చుట్టాలుంటే ప్రభుత్వం అడగడమే తప్పా? అలా అనలేం. అడగడానికి ఒక కారణం ఉంది. నీ మీద అనుమానం కంటే, అక్కడున్న నీ వాళ్లను పట్టుకుని నిన్ను ఎవరైనా బెదిరించగలరా అన్నది అసలు ప్రశ్న. ఇవాళ అమెరికాలో క్లియరెన్స్ కోరేవాళ్లు నింపే ఎస్ఎఫ్-86 ఫారంలో విదేశీ బంధువుల గురించి విడిగా అడుగుతారు. ఏ దేశం, ఎంత దగ్గరి చుట్టం, ఆ చుట్టానికి అక్కడి ప్రభుత్వంతో పని ఉందా, ఇవన్నీ చూసి, మనిషి మొత్తం నడవడితో కలిపి తూచాలని నిబంధన. మన దగ్గరా కేంద్ర ఉద్యోగానికి ఎంపికైతే అటెస్టేషన్ ఫారం నింపాలి. కుటుంబసభ్యుల జాతీయత, విదేశాల్లో ఉన్న కాలం రాయాలి. పోలీసు విచారణ జరుగుతుంది.

తూచడం తెలిస్తే ఏమవుతుందో చెప్పడానికి మన దేశంలోనే ఒక ఉదాహరణ ఉంది. కె. ఆర్. నారాయణన్ 1949లో విదేశాంగ సేవలో చేరాడు. రంగూన్‌లో పనిచేస్తూ మా తింత్ తింత్ అనే బర్మా యువతిని ఇష్టపడ్డాడు. విదేశీయురాలిని పెళ్లాడాలంటే ఆ ఉద్యోగంలో ప్రత్యేక అనుమతి కావాలి. నెహ్రూ ఇచ్చాడు. 1951లో ఢిల్లీలో పెళ్లైంది, ఆమె ఉషా నారాయణన్ అయింది. 1962 యుద్ధం తర్వాత చైనాకు మొదటిసారి రాయబారిని పంపాల్సి వచ్చినప్పుడు, 1976లో, మన ప్రభుత్వం పంపింది ఈయన్నే. తర్వాత అమెరికాకు రాయబారి. 1997లో రాష్ట్రపతి. విదేశీ భార్య ఉన్న అధికారిని దేశం నమ్మింది, నమ్మకం వమ్ము కాలేదు.

రెండు ఫైళ్లలోనూ చుట్టరికం ఉంది. ఒకచోట కాలం చెడ్డది, భయం మనిషి కంటే పెద్దదైంది. ఇంకోచోట ఎవరో ఒకరు ఆగి మనిషిని చూశారు.

కాబట్టి డల్లాస్ అక్క గురించి దాచకండి. ఫారంలో ఉన్నదున్నట్టు రాయండి. దాచిన చుట్టరికమే ఎప్పటికైనా మెడకు తగులుకుంటుంది. రేపు మనలో ఎవరో ఒకరు అలాంటి ఫైళ్లు చూసే కుర్చీలో కూర్చుంటారు. అప్పుడు విదేశాల్లో బంధువులు అన్న గడి దగ్గర పెన్ను ఆగితే, తండ్రికి పిల్లల్ని చూపించాలని ఓడ టిక్కెట్టు కొనుక్కున్న ఒక ఇంజనీర్ గుర్తుకు రావాలి.